పొట్టికాలు ఏ దిక్కున ఉంటే అటు

నేను ఒక కిరోసిన్ స్టవ్వును. పది వత్తుల దాన్ని. ఇప్పటి పిల్లలకు నన్ను చూపిస్తే ఇదేదో పూలకుండీ స్టాండు అనుకుంటారు. అనుకోనివ్వండి, నాకేం కోపం లేదు. ఒకప్పుడు ఈ హైదరాబాదులో నాలాంటివాళ్లం వెలగకపోతే సగం నగరానికి పొద్దున చాయ్ ఉండేది కాదు. ఆ మాట గుర్తున్నవాళ్లు నలుగురున్నా నాకు చాలు.

బాలానగర్‌లో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. నూనె పోసే టాంకును ఒకడు చేశాడు, చిల్లుల గొట్టాలను ఇంకొకడు చేశాడు, కాళ్లు అతికింది మూడోవాడు. ఆ మూడోవాడు నా కాళ్లు అతికేటప్పుడు పక్కవాడితో క్రికెట్ గురించి గట్టిగా వాదిస్తున్నాడు. అందుకే నా మూడు కాళ్లలో ఒకటి అరంగుళం పొట్టి. తనిఖీ చేసే పెద్దమనిషి నన్ను చేత్తో పట్టుకుని చూశాడే గానీ నేల మీద పెట్టి చూడలేదు. అలా పాస్ అయిపోయాను.

రాణీగంజ్ కొట్లో నన్ను కొన్నవాడి పేరు సుదర్శన్. కాచిగూడలో పెళ్లిపత్రికలు అచ్చువేసే ప్రెస్సులో పనిచేసేవాడు. అప్పటికి పెళ్లి కాలేదు. ముషీరాబాదులో ఇద్దరు స్నేహితులతో కలిసి ఒక గదిలో ఉండేవాడు. నన్ను మొదటిసారి నేల మీద పెట్టగానే ఒక పక్కకు ఒరిగాను. స్నేహితులిద్దరూ వాపస్ ఇచ్చి రమ్మన్నారు. సుదర్శన్ వినలేదు. ప్రెస్సులో తప్పు అచ్చయిన పెళ్లిపత్రిక ఒకటి జేబులోంచి తీసి, నాలుగు మడతలు పెట్టి, నా పొట్టికాలి కింద దోపాడు. ఆ పత్రికలో పెళ్లికొడుకు పేరు ఉండాల్సిన చోట పెళ్లికూతురి తండ్రి పేరు పడిందట. ఆ పొరపాటు వల్ల నేను నిటారుగా నిలబడ్డాను. అప్పటినుంచీ నా కాలి కింద ఎవరిదో ఒకరి పెళ్లిపత్రిక ఉంటూనే వచ్చింది.

రెండేళ్లకు అతనికే పెళ్లయింది. ఆమె పేరు మణిమాల. నల్గొండ వైపు పిల్ల. వచ్చిన రోజే నన్ను చూసి ముఖం చిట్లించింది, మసి అని. మూడో రోజుకు నా గుట్టంతా తెలుసుకుంది. నా పది వత్తుల్లో ఒకటి మొండిది, మర తిప్పితే తొమ్మిదే పైకి లేస్తాయి. ఆ ఒక్కదాన్నీ తలలోని పిన్నుతో పైకి లాగాలి. నూనె పోశాక వత్తులు నానేదాకా కాసేపు ఆగాలి. అంటించాక మరను వెంటనే కిందికి తిప్పాలి, లేకపోతే ఇల్లంతా పొగ. ఇవన్నీ ఆమెకు ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేను. చేతులకే తెలిసిపోయింది.

ఇక అసలు సంగతికి వస్తాను. సుదర్శన్, మణిమాల కలిసి ఈ నగరంలో ఏడు ఇళ్లు మారారు. అన్నీ కిరాయివే. ఒకచోట నీళ్లు రావు, ఒకచోట ఓనరు కొడుక్కి పెళ్లి, ఇంకొకచోట పైకప్పు కురుస్తుంది. ఎక్కడికి వెళ్లినా సామాను కంటే ముందు నేను వెళ్లాలి. ఎందుకంటే కొత్త ఇంట్లో మొదట పాలు పొంగించాలి. మధ్యలో వాళ్లకు గ్యాసు వచ్చింది, నేను సజ్జ మీదికి ఎక్కాను. అయినా ఇల్లు మారినప్పుడల్లా నన్ను దింపి, దుమ్ము దులిపి, బొట్టు పెట్టి తీసుకెళ్లేవారు. రేషను ఇచ్చిన రోజుల్లోని కిరోసిన్ రెండు సీసాలు దాని కోసమే దాచిపెట్టారు.

మనుషుల్లో నాకు నవ్వొచ్చే సంగతి ఇదే. సంవత్సరం పొడుగునా పాలు పొంగితే ఒకళ్లనొకళ్లు తిట్టుకుంటారు. "కండ్లు యాడ పెట్టినవ్?" అంటారు. అదే కొత్త ఇంట్లో మొదటిరోజు పొంగితే చేతులు జోడిస్తారు. అవే పాలు, అదే గిన్నె, అదే నేను.

పైగా ఏ దిక్కుకు పొంగాయో చూస్తారు. తూర్పుకు పొంగితే ఇల్లు కలిసొస్తుందట. ఏడు ఇళ్లలోనూ పాలు తూర్పుకే పొంగాయి. చుట్టాలు ఆశ్చర్యపోయారు, ఒక ఓనరమ్మ అయితే వాళ్లను వేరే ఎవరింటికో పాలు పొంగించడానికి పిలిచింది కూడా. ఆ మహిమ వెనక ఉన్నది నా పొట్టికాలు. పాలు పొంగించే రోజున సుదర్శన్ ఇంట్లోకి అడుగుపెట్టగానే కిటికీలోంచి ఎండ చూసి తూర్పు ఎటో కనిపెట్టేవాడు. ఎవరూ చూడకుండా నా కాలి కింది పెళ్లిపత్రిక తీసి జేబులో పెట్టుకునేవాడు. పొట్టికాలిని తూర్పుకు తిప్పేవాడు. గిన్నె అటు వంగుతుంది, పాలు అటే పోతాయి. ఈ సంగతి ముగ్గురికే తెలుసు: అతనికి, ఆమెకు, నాకు. పాలు పొంగగానే వాళ్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు కాదు, నవ్వొస్తుందని.

ఏడో ఇల్లు విద్యానగర్‌లో. అక్కడే వాళ్ల కూతురు హాసిని హైస్కూలుకు వచ్చింది. అక్కడే పోయిన ఏడాది ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం ప్రెస్సునుంచి ఫోను వచ్చింది. సుదర్శన్ కుర్చీలో కూర్చుని ప్రూఫు చూస్తూ చూస్తూ ఒరిగిపోయాడట. గుండె అన్నారు. నేను సజ్జ మీదే ఉన్నాను. కిందినుంచి ఏడుపులు వినిపించాయి. నాకు చాలా బాధ వేసింది. పొయ్యికి బాధేమిటి అంటారా, ఇరవై ఏళ్లు నా కాలు తిప్పే ఒకే చేతికి అలవాటు పడి చూడండి.

ఈ సంవత్సరం దసరా అయ్యాక ఓనరు వచ్చి, ఇల్లు పడగొట్టి అపార్టుమెంటు కడుతున్నానని, డిసెంబరు నెలాఖరుకు ఖాళీ చేయమని చెప్పాడు. మణిమాల చీరలకు ఫాల్స్ కుడుతూ, ఒక బట్టలకొట్లో కొలతలు తీస్తూ ఇల్లు నడుపుతోంది. మౌలాలిలో రెండో అంతస్తులో చిన్న ఇల్లు చూసుకుంది. హాసినికి క్రిస్మస్ సెలవులు ఇచ్చాక సామాను తరలిద్దామనుకున్నారు. అప్పుడైతే బడి పోదు, మూటలు కట్టడానికి ఒక మనిషి తోడు ఉంటుంది. కానీ డిసెంబరు మధ్యలో ధనుర్మాసం వస్తుంది. ఆ నెలలో కొత్త ఇంట్లో పాలు పొంగించరు. అందుకని ఈ నగరంలో చాలామంది చేసేదే వీళ్లూ చేశారు. నెల పట్టకముందే ఒక మంచిరోజు చూసి పాలు పొంగించి, ఇంటిని ఉత్తగా వదలకుండా ఒకటో రెండో వస్తువులు పెట్టి తాళం వేసి, సెలవుల్లో నిదానంగా సామాను తేవాలి.

పాలు పొంగించడానికి సుదర్శన్ అక్క అనసూయ వచ్చింది. మణిమాలకు వదినె. చెడ్డమనిషి కాదు. తమ్ముడు పోయినప్పుడు నెలరోజులు వీళ్లింట్లోనే ఉండి అన్నం తినిపించిన మనిషి. కానీ పద్ధతి అంటే పద్ధతే ఆమెకు. ముందురోజే ఫోనులో చెప్పేసింది.

"నేను పొంగిస్త తియ్. ముత్తైదువ చెయ్యి పడాలె. నువ్వు వెనకంగ రా మణీ. తప్పుగ అనుకోకు, పిల్ల మంచికే చెప్తున్న."

మణిమాల "సరే వదినె" అంది. అంతే అంది. ఆ రాత్రి సజ్జ మీదినుంచి నన్ను దింపి, చింతపండుతో తోమి, వత్తులు సరిచేసి, సీసాలో మిగిలిన కిరోసిన్ అంతా నాలో పోసింది. ఆమె చేతులు ఎప్పటిలాగే పనిచేశాయి. ముఖం మాత్రం ఎత్తలేదు.

మర్నాడు పొద్దున మౌలాలిలో మెట్లెక్కాం. అనసూయ ముందు, హాసిని వెనక, హాసిని చేతిలో నేను. మణిమాల రెండో అంతస్తు మెట్ల మలుపు దగ్గర చెప్పులు వదిలి అక్కడే నిలబడిపోయింది. ఎవరూ ఆపలేదు, ఎవరూ రమ్మనలేదు.

అనసూయ నన్ను వంటగట్టు మీద పెట్టి అగ్గిపుల్ల గీసింది. మర పూర్తిగా పైకి తిప్పేసింది. దారిలో ఊగి ఊగి నా నూనె ఒకవైపు చేరింది, వత్తులు సరిగ్గా తడవలేదు. నల్లటి పొగ లేచింది. ఆమెకు దగ్గు పట్టుకుంది. కొత్తగా సున్నం వేసిన గోడ మీద మసి మరక పడింది. నేను కావాలనే చేశానని మీరు అనుకుంటే అనుకోండి, నేను మాత్రం ఆ సంగతి ఒప్పుకోను.

మెట్ల దగ్గరికి వాసన వెళ్లింది. మణిమాల అక్కణ్నుంచే పిలిచింది. "హాసినీ, మర కిందికి తిప్పమనవే అత్తమ్మను. జరసేపు ఆగమను."

"ఏం తిప్పుడో ఏమో! గీ పాత సామానుతోటి ఎందుకమ్మ తిప్పలు?" అంటూ అనసూయ నన్ను ఊదేసింది. ఎందుకైనా మంచిదని తెచ్చుకున్న కరెంటు పొయ్యిని సంచిలోంచి తీసింది. నల్లటి గాజుపలక ఉన్నది. స్విచ్చు వేసింది, గిన్నె పెట్టింది. పాలు గబగబా లేచాయి. అంచు దాటి రెండు చుక్కలు పలక మీద పడ్డాయో లేదో, అది కీచుమని అరిచి ఆగిపోయింది. పాలు మళ్లీ గిన్నెలోకి దిగిపోయాయి.

హాసిని గిన్నెలోకి వంగి చూసింది. "పొంగలే గదా అత్తమ్మా?"

"రెండు సుక్కలు పడ్డయ్ కదనే. పొంగినట్టే. ఇగ అమ్మను లోపలికి రమ్మను."

మణిమాల లోపలికి వచ్చింది. గిన్నెను చూసింది, నన్ను చూసింది, గోడ మీది మసిని చూసింది. అనసూయ ఇచ్చిన పాలు రెండు గుక్కలు తాగింది. ఇంటిని ఉత్తగా వదలకూడదు కాబట్టి ఒక ఉప్పు పొట్లం, చిన్న బిందెడు నీళ్లు, నన్ను గట్టు మీద ఉంచి తాళం వేశారు. తాళం వేస్తుంటే మణిమాల కూతురితో మెల్లగా అన్న మాట తలుపు సందులోంచి నాకు వినబడింది.

"ఉంటం లే బిడ్డా. ఉండనీకి ఏమైతది. కానీ మన ఇల్లు అన్నట్టు అనిపిస్తలేదే నాకు."

తరవాత పదకొండు రోజులు ఆ ఇంట్లో నేనొక్కదాన్నే కాపురం ఉన్నాను. ఉప్పు పొట్లం మాట్లాడేది కాదు. పొద్దున వంటింటి కిటికీలోంచి ఎండ గట్టు చివరికి వచ్చేది, పదింటికి వెళ్లిపోయేది. కింది ఇంట్లో ఎవరో రోజూ ఒకే టైముకు పోపు వేసేవారు. వీధిలో చర్చి ఒకటి ఉంది, సాయంత్రాలు పిల్లలు పాటలు నేర్చుకునేవారు. చలికి నా రేకు బిగుసుకుపోయేది. ఇల్లు బాగానే ఉంది, గాలి వస్తుంది, నల్లా కారదు. మణిమాల ఇక్కడ కిరాయిమనిషిలా కాకుండా ఇంటిమనిషిలా ఉంటుందా అన్నదే నా దిగులు. ఆ పదకొండు రోజులూ అదే ఆలోచించాను. ఆమె మెట్ల దగ్గర నిలబడటం నాకు నచ్చలేదు. ఏడు ఇళ్లలో నా ముందు కూర్చుని గిన్నె పట్టుకున్న మనిషి ఆమె.

క్రిస్మస్ ముందురోజు పొద్దున కింద ట్రాలీ ఆటో ఆగిన చప్పుడైంది. డ్రైవరు ఖాజా, అతని తమ్ముడు కలిసి అట్టపెట్టెలు, మంచాలు, బకెట్లలో కుక్కిన గరిటెలు, చీపుర్లు పైకి మోశారు. ఇళ్లు మారేటప్పుడు మనుషుల సామాను చూస్తే భలే ఉంటుంది. పగిలిన కుర్చీని పాత పరుపులో చుట్టి భద్రంగా తెస్తారు, మూత ఉన్న డబ్బాకు మూత మాత్రం పాతింట్లో మరిచిపోతారు. కుట్టుమిషను, బీరువా, గ్యాసు సిలిండరు రెండో ట్రిప్పులో రావాలి.

నాలుగోసారి మెట్లెక్కాక ఖాజా చెమట తుడుచుకున్నాడు. "అమ్మా, జర చాయ్ దొరుకుతదా? ఇది తాగి రెండో చుట్టు పోతం."

అప్పుడు చూసుకుంది మణిమాల. సిలిండరు లేదు. కరెంటు పొయ్యి అనసూయది, ఆమెతోనే వెళ్లిపోయింది. హాసిని పొద్దున కొన్న పాలప్యాకెట్లు ఉన్నాయి, గిన్నె ఉంది. గట్టు మీద నేనున్నాను.

ఆమె తలలోంచి పిన్ను తీసింది. నా మొండి వత్తిని పైకి లాగింది. నన్ను కొంచెం ఒరిగించి, వత్తులు తడిశాయో లేదో వేలితో చూసింది. అగ్గిపుల్ల గీసి అంటించి, మరను కిందికి తిప్పింది. నీలం మంట వచ్చింది. పది వత్తులకు పదీ వెలిగాయి. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. గిన్నెలో పాలు పోసి నా మీద పెట్టింది. దిక్కూ చూడలేదు, కాలూ చూడలేదు. ఇది చాయ్, పూజ కాదు.

చాయ్‌పత్తా, చక్కెర కోసం అట్టపెట్టెలు వెతకడం మొదలుపెట్టింది. అవన్నీ ప్రెస్సునుంచి తెచ్చిన పెళ్లిపత్రికల పెట్టెలే, నాలుగేళ్ల కింద ఏడో ఇంటికి మారినప్పటివి. సుదర్శన్ పోయాక వాటిని ఎవరూ పారేయలేదు, ఈసారీ వాటిలోనే సర్దారు. రెండు పెట్టెలు పక్కకు జరిపింది. మూడోదాన్ని తన వైపు తిప్పుకుంది. దాని మీద నల్ల స్కెచ్ పెన్నుతో, పత్రికల అక్షరాల్లాగా గుండ్రంగా, అతని చేతిరాత ఉంది. "వంటిల్లు 3. గాజుయి. పైలం."

మణిమాల ఆ పెట్టె ముందు కూర్చుండిపోయింది. జాగ్రత్త అని చెప్పే ఆ చివరి మాట మీద వేలు పెట్టి, అక్షరం వెంట అక్షరం దిద్దుతూ ఉంది. ఏడవలేదు. చాయ్ సంగతి, పాల సంగతి, ఇంటినిండా పరిచిన సామాను సంగతి ఆమెకు గుర్తు లేవు.

నాకు గుర్తున్నాయి. గిన్నెలో పాలు కదిలాయి. అంచుల్లో నురగ చేరింది. నేను ఏం చేయగలను, నాకు తగ్గించుకోవడం రాదు, ఆ మర తిప్పడం ఆమె పని. పాలు లేచాయి, గిన్నెను నింపాయి, అంచు దాటాయి. పొట్టికాలి వైపునుంచి ధారగా కారి నా మీద, గట్టు మీద, గట్టు మీదినుంచి నేల మీద పడ్డాయి. మాడిన పాల వాసన గదంతా కమ్ముకుంది.

"అయ్యో!" అంటూ ఆమె లేచి పరుగెత్తుకొచ్చింది. చెయ్యి మర మీదికి వెళ్లింది. సరిగ్గా అప్పుడే ఖాజా భుజం మీద పప్పుల డబ్బాతో గుమ్మంలోకి వచ్చాడు. పొంగుతున్న పాలు చూశాడు. ఆగిపోయాడు. రెండడుగులు వెనక్కి వేసి, డబ్బా కిందపెట్టి, చెప్పులు విప్పాడు. తమ్ముణ్ని కూడా ఆగమని చెయ్యి చూపించాడు.

"ఇవ్వాల్నే పాలు పొంగిచ్చుడా అమ్మా? ముందే చెప్పేది ఉండె. చెప్పులతోటి తిరిగినం గదా ఇల్లంత."

మణిమాల చెయ్యి మర మీద అలాగే ఉండిపోయింది. తిప్పలేదు. ఇంకో రెండు క్షణాలు పాలు పొంగాయి. పక్కగదిలోంచి హాసిని వచ్చి తల్లిని చూసింది, కారుతున్న పాలను చూసింది.

"అమ్మా, పొంగినయ్! నీ చేతుల మీద పొంగినయే!"

ఆమె అప్పుడు మర తగ్గించింది. మెల్లగా రెండు చేతులూ జోడించింది. నాకు ఎదురుగా నిలబడి, ఏడు ఇళ్లలో నిలబడ్డట్టే, కళ్లు మూసుకుంది. ధనుర్మాసమని ఆమె అనలేదు. ముత్తైదువేనా అని ఖాజా అడగలేదు. గుమ్మం బయట అన్నదమ్ములిద్దరూ చెప్పులు లేకుండా నిలబడి ఉన్నారు.

హాసిని ఫోను తీసి అందులో దిక్కులు చూపించేదేదో తెరిచింది. ఫోనును గట్టు మీద పెట్టి అటూ ఇటూ తిప్పింది. ముఖం వాడిపోయింది. "అమ్మా, ఇవి తూర్పుకు పొంగలేదే. దక్షిణం చూపిస్తుంది. మనకు ఎప్పుడూ తూర్పుకే కదా?"

మణిమాల కళ్లు తెరిచింది. నా పొట్టికాలి వైపు చూసింది. ఒక్కసారిగా నవ్వొచ్చింది ఆమెకు. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. ఆ నవ్వు నేను విని ఏడాదిన్నర దాటింది. నవ్వుతూనే కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది.

"మీ డాడీ లేడు గదనే," అంది, "తూర్పుకు తిప్పనీకి."

కూతురికి అర్థం కాలేదు. అప్పుడు నా కాలి సంగతి, జేబులో దాచిన పెళ్లిపత్రికల సంగతి, ఏడు ఇళ్ల తూర్పు సంగతి అంతా చెప్పింది. హాసిని నన్ను గట్టు మీద ఒకసారి ఊపి చూసింది. "గింత మోసమా!" అని తనూ నవ్వింది. గుమ్మంలో ఖాజా కూడా నవ్వాడు. మిగిలిన పాలలో చక్కెర వేసి, చాయ్ కంటే ముందు అందరికీ తలా కొంచెం గ్లాసుల్లో పోసింది మణిమాల. ఖాజా రెండు చేతులతో అందుకున్నాడు.

మూడింటికి సిలిండరు వచ్చింది. నన్ను సజ్జ మీదికి ఎక్కించడానికి హాసిని స్టూలు తెచ్చింది. "ఉండనీ. గట్టు మీద మూలకు ఉండనీ," అంది తల్లి. సాయంత్రం అనసూయ ఫోను చేసి కొత్త ఇల్లు ఎట్లుంది అని అడిగితే, "మంచిగుంది వదినె, మన ఇల్లే," అంది. పాల సంగతి చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఉందని నేనూ అనుకోను.

ఇప్పుడు గట్టు మూలన ఉన్నాను. నాలో నూనె అయిపోయింది, ఈ నగరంలో ఇక దొరకదు కూడా. తొమ్మిదో ఇల్లు ఉంటే నేను వెలుగుతానో లేదో తెలియదు. పొద్దున ఎండ నా దాకా వస్తుంది. నా పొట్టికాలి పక్కన పాలు మాడిన మరక ఒకటి ఉంది. మణిమాల శుక్రవారం శుక్రవారం గట్టు కడుగుతుంది, నన్ను తడిగుడ్డతో తుడుస్తుంది. ఆ మరక దగ్గరికి వచ్చేసరికి గుడ్డ పక్కకు తిరుగుతుంది.